ముక్క మందాన్ని బట్టే పద్ధతి: పోత ఇనుప పెనంలో స్టేక్ వండాలనుకునేవారికి

పోత ఇనుప పెనం కొన్న కొత్తలో నేను వండిన మొదటి స్టేక్, అంటే వేయించుకు తినే గొడ్డుమాంసపు ముక్క, చెప్పు అట్టలా తయారైంది. వేలి మందం కూడా లేని ముక్క అది. పెనం పొగలు కక్కేదాకా కాచాను, ముక్క వేశాను, రెండు వైపులా చక్కగా ఎర్రబడేదాకా ఓపిక పట్టాను. కోసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిద రంగే. తప్పు పెనానిదని తీర్మానించి ఇంకా బరువైనది తెచ్చుకున్నాను. రెండో స్టేకూ అంతే. మూడోసారి అనుకోకుండా రెండు వేళ్ల మందం ముక్క చేతికొచ్చింది. అదే పొయ్యి, అదే నూనె, వండేదీ అనుభవం లేని నేనే. ఈసారి పైన కరకరలాడే పొర, లోపల గులాబీ రంగు.

అప్పటి నుంచి ఎవరైనా ఏ పెనం కొనాలి, ఏ నూనె వాడాలి, ముక్కను ఎన్నిసార్లు తిప్పాలి, ఓవెన్ అవసరమా అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ముక్క ఎంత మందం? మిగతా జవాబులు చాలావరకు దానిలోంచే వస్తాయి.

స్టేక్ అంటే ఒకే ముక్కలో రెండు వంటలు. పైపొరకు 140 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. మాంసంలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి ఆ ముదురు గోధుమ రంగునూ కమ్మని వాసననూ పుట్టించే చర్య అక్కడి నుంచే జోరందుకుంటుంది. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరుతో దాన్ని మయార్ చర్య అంటారు. లోపలి భాగం మాత్రం 55 డిగ్రీల దగ్గర ఆగిపోవాలి. పైగా పైభాగం తడిగా ఉన్నంతసేపూ 100 డిగ్రీలు దాటదు, నీటిని ఆవిరి చేయడానికే వేడంతా ఖర్చయిపోతుంది. పలుచని ముక్కలో పైన రంగు తిరిగేలోగా వేడి నడుమకు చేరిపోతుంది. మరీ మందమైన ముక్కలో నడుమ చల్లగా ఉండగానే పైన మాడిపోతుంది. మందం రెట్టింపైతే వేడి నడుమకు చేరే సమయం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలకు దగ్గరవుతుంది. అందుకే ఒక్క సెంటీమీటరు తేడాకే పద్ధతి మార్చుకోవాల్సి వస్తుంది.

ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు

ఇలాంటి ముక్కే చేతిలో ఉంటే ఆశలు కాస్త తగ్గించుకుని, ఒక వైపు మాత్రమే గట్టిగా వేయించండి. పెనం బాగా కాగాలి, ముక్క బాగా తుడిచి ఉండాలి. మొత్తం సమయంలో నాలుగింట మూడు వంతులు ఒకే వైపు ఉంచి, రెండో వైపు రంగు మారగానే తీసేయండి. వడ్డించేటప్పుడు ఎర్రబడిన వైపు పైకి పెడితే రెండో వైపు సంగతి ఎవరూ అడగరు.

ఇక్కడ ఒక పాత సలహాను పక్కన పెట్టాలి. వండే ముందు మాంసాన్ని అరగంటో గంటో బయట పెట్టి గది వేడికి రానివ్వాలంటారు. మందమైన ముక్క గంటసేపు బయట ఉన్నా లోపల కొద్ది డిగ్రీలే పెరుగుతుంది, పెద్ద లాభం లేదు. పలుచని ముక్క విషయంలో అది నేరుగా నష్టమే. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లదనమే దాని నడుమకు రక్షణ. తుడవండి, ఉప్పు చల్లండి, చల్లగానే పెనం మీద వేయండి.

రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్లు

పోత ఇనుప పెనం చేయించుకున్నది ఈ ముక్క కోసమే అనిపిస్తుంది. ఓవెన్ అక్కర్లేదు, పెనం ఒక్కటే చాలు. ఎన్నిసార్లు తిప్పాలన్న దగ్గరే రెండు వర్గాలు.

ఒక్కసారే తిప్పాలనేవారి పద్ధతి తేలిక: ఒక వైపు మూడు నాలుగు నిమిషాలు, రెండో వైపు అంతే. ముక్క అడుగు కదలకుండా పెనానికి అంటుకుని ఉండడం వల్ల పైపొర బలంగా వస్తుంది. కానీ ఆ మూడు నిమిషాల్లో అడుగు వైపు వేడి లోపలికి బాగా చొచ్చుకుపోయి, అంచు కింద మందమైన బూడిద పట్టీ ఏర్పడుతుంది. అరనిమిషానికో నిమిషానికో ఒకసారి తిప్పుతూ ఉంటే పైకి వచ్చిన వైపు కొంత చల్లబడుతుంది, వేడి రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంది. బూడిద పట్టీ సన్నబడుతుంది, వంట కూడా త్వరగా ముగుస్తుంది. తరచూ తిప్పితే పైపొర రాదన్న భయం ఆధారం లేనిది. కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది. నా ఓటు తరచూ తిప్పడానికే. ఇందులో ఇంకో కిటుకు ఉంది. తిప్పిన ప్రతిసారీ ముక్కను పెనంలో ఇంకో చోటికి జరపండి, అప్పటిదాకా ముక్క కూర్చున్న చోటు వేడి తగ్గి ఉంటుంది, పక్కన ఖాళీగా ఉన్న చోటు ఇంకా మండుతూ ఉంటుంది.

పెనంలో వెన్న కరిగించి చెంచాతో ముక్క మీద పోస్తూ వండే పద్ధతీ ఈ మందానికే నప్పుతుంది. వెన్నను మొదట్లో వేయకండి. అందులోని పాల పదార్థాలు 150 డిగ్రీలు దాటిన కాసేపటికే నల్లబడతాయి. ముక్క మూడు వంతులు ఉడికాక మంట తగ్గించి వెన్న, నలిపిన వెల్లుల్లి, థైమ్ అనే సువాసన ఆకు రెమ్మ వేసి ఒకటి రెండు నిమిషాలు పోస్తే చాలు. వెల్లుల్లీ థైమూ మాంసం లోపలికి దిగవు, పైనే ఉంటాయి. అయినా తినేటప్పుడు మొదట తగిలేది పైభాగమే గనుక దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

నాలుగు సెంటీమీటర్లు, ఆపైన

ఈ మందంలో పెనం ఒక్కదాన్నే నమ్ముకుంటే పైన బొగ్గు, లోపల పచ్చి. మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, ముందు పెనంలో ఎర్రగా వేయించి, అదే పెనంతో సహా 200 డిగ్రీల ఓవెన్‌లోకి నెట్టడం. త్వరగా అయిపోతుంది, వంట పాత్ర ఒక్కటే. కానీ ఓవెన్ వేడి ఎక్కువ కావడంతో అంచులు ఉడికిపోతాయి, రెండు నిమిషాలు ఏమరిస్తే మీడియం (సగం ఉడికినది) కాస్తా వెల్ డన్ (పూర్తిగా ఉడికినది) అవుతుంది.

రెండోది దీనికి తలకిందులు, రివర్స్ సియర్ అంటారు. ముక్కను జాలీ మీద పెట్టి 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో, నడుమ 46 నుంచి 50 డిగ్రీలకు వచ్చేదాకా ఉంచాలి. మందాన్ని బట్టి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అప్పుడు మండుతున్న పెనంలో ఒక్కో వైపు ముప్పావు నిమిషమో నిమిషమో. ఓవెన్‌లోని పొడిగాలికి పైభాగం ఎండిపోతుంది కాబట్టి పెనం తగలగానే రంగు తిరుగుతుంది. కోస్తే పైనుంచి కిందిదాకా ఒకే గులాబీ రంగు. ఓపిక, థర్మామీటర్ రెండూ కావాలి. పెనం అడుగున సాస్‌కు పనికొచ్చే గసి పెద్దగా మిగలదు, అది ఒక్కటే నాకు వెలితి.

మూడోది సూ వీడ్. ముక్కను గాలి తీసిన సంచిలో పెట్టి, వేడి నిలకడగా ఉండే నీళ్లలో గంటకు పైగా ఉంచి, ఆ తర్వాత పెనంలో వేయించడం. లోపలి వేడి మీద ఇంత అదుపు ఇంకే పద్ధతిలోనూ లేదు. కానీ సంచిలోంచి వచ్చే ముక్క తడిసి ముద్దగా ఉంటుంది. ఎంత తుడిచినా పైపొర రివర్స్ సియర్‌లో వచ్చినంత బాగా రాదని నా అభిప్రాయం. పదిమందికి ఒకే సమయంలో వడ్డించాలంటే సూ వీడ్. ఇద్దరికైతే రివర్స్ సియర్.

ఇక పెనం సంగతి

పోత ఇనుము గురించి అందరూ చెప్పే మాట, అది వేడిని సమంగా పరుస్తుందని. నిజం దానికి ఎదురు. అల్యూమినియంతో పోలిస్తే పోత ఇనుము ఉష్ణవాహకత దాదాపు నాలుగో వంతు, రాగితో పోలిస్తే ఏడెనిమిదో వంతు. మంట తగిలిన చోట భగ్గుమంటుంది, రెండంగుళాల అవతల చల్లగా ఉంటుంది. దాని గొప్పతనం బరువులో ఉంది. 25 సెంటీమీటర్ల పెనం రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. ఆ ఇనుమంతా వేడిని దాచుకుని ఉంటుంది కాబట్టి, చల్లని ముక్క వేసినా చప్పున చల్లారిపోదు. అందుకే దాన్ని నిదానంగా కాచాలి. మధ్యస్థమైన మంట మీద ఎనిమిది పది నిమిషాలు, మధ్యలో రెండుసార్లు పావువంతు తిప్పుతూ. హడావుడిగా పెద్ద మంట పెడితే నడుమ పొగ, అంచున చల్లదనం.

కాగిందో లేదో తెలియాలంటే ఒక నీటి చుక్క వేయండి. చుర్రుమని అక్కడే ఇగిరిపోతే ఇంకా ఆగాలి. పూసలా ఉండకట్టి పెనమంతా పరుగులు తీస్తే కాగినట్టే. చుక్క కింద ఏర్పడిన ఆవిరి పొర దాన్ని పైకి ఎత్తి పట్టడం వల్ల అలా జరుగుతుంది. 1756లో దీన్ని వర్ణించిన జర్మన్ వైద్యుడు యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ పేరు దీనికి పెట్టారు. ఈ పరీక్ష నూనె వేయక ముందే చేయాలి, వేశాక చేస్తే ముఖం కాలుతుంది.

పోత ఇనుముకు గట్టి పోటీ కార్బన్ స్టీల్. ఇదీ ఇనుమే, ఇందులో కర్బనం ఇంకా తక్కువ, రేకు నుంచి ఒత్తి తీస్తారు కాబట్టి పలుచగా, నునుపుగా, తేలిగ్గా ఉంటుంది. త్వరగా కాగుతుంది, మంట తగ్గిస్తే త్వరగా మాట వింటుంది. వెన్న పోసే పద్ధతికి పెనాన్ని వంచి పట్టుకోవాలి గనుక అక్కడ కార్బన్ స్టీల్‌దే పైచేయి. మణికట్టు నొప్పి ఉన్నవారు మరో ఆలోచన లేకుండా దీన్నే తీసుకోవచ్చు. చల్లని మందపు ముక్కను వేసినప్పుడు తట్టుకునే శక్తిలో మాత్రం పోత ఇనుమే మెరుగు. మూడు పొరల స్టెయిన్‌లెస్ స్టీల్ పెనం కూడా స్టేక్‌ను బాగానే వేయిస్తుంది. వైన్ పోసి అడుగున అంటుకున్నదంతా గీకి సాస్ చేసుకునే అలవాటు ఉంటే అదే మంచి ఎంపిక, ఎందుకంటే ఇనుప పెనంలో పులుపు కాసేపు ఉడికితే సీజనింగ్ పొర, అంటే నూనె కాగి పెనానికి పట్టిన నల్లని పూత, దెబ్బతిని సాస్‌కు ఇనుప రుచి పడుతుంది.

ఎనామెల్ (గాజులాంటి పూత) పూసిన పోత ఇనుముకు పులుపుతో పేచీ లేదు, కానీ ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కాచడం దాని పూతకు మంచిది కాదు. స్టేక్‌కు కావాల్సింది సరిగ్గా అదే. నాన్‌స్టిక్ గురించి ఎక్కువ మాటలు అనవసరం. 260 డిగ్రీలు దాటితే ఆ పూత విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, వద్దు. అడుగున గీతలు తేలిన గ్రిల్ పెనం అందమైన నల్లని చారలు ఇస్తుంది. చారల మధ్య ఉన్న మాంసానికి పెనం తగలదు, అది ఆవిరిలో ఉడికి బూడిద రంగులో ఉండిపోతుంది. రుచి రంగులో ఉంటే, మూడు వంతుల రంగును చారల కోసం వదులుకోవడం ఏమి లెక్కో నాకు ఇప్పటికీ బోధపడదు.

సైజు విషయంలో చాలామంది 30 సెంటీమీటర్ల పెనం వైపు మొగ్గుతారు. మీ పొయ్యి పెద్దదైతే సరే. చిన్న బర్నర్ మీద అంత పెనం పెడితే అంచులు ఎప్పటికీ కాగవు, పైగా మూడున్నర కిలోల బరువు మోయడం ఉత్త దండగ. అలాంటప్పుడు 25 సెంటీమీటర్లది తీసుకుని స్టేకులను ఒకదాని తర్వాత ఒకటి వండండి. ఇండక్షన్ మీద పోత ఇనుము భేషుగ్గా పనిచేస్తుంది, అయితే మొదటి నిమిషాలు తక్కువలో పెట్టి మెల్లగా పెంచాలి, గాజు మీద ఈడ్చకూడదు.

ఏ ముక్క కొనాలి

రిబ్‌ఐలో (పక్కటెముకల దగ్గరి ముక్క) కొవ్వు మాంసంలోనే పాకి ఉంటుంది. కాస్త ఎక్కువ ఉడికినా క్షమిస్తుంది, మొదటిసారి వండేవారికి ఇదే మేలు. న్యూయార్క్ స్ట్రిప్ (నడుము భాగపు ముక్క) బల్లపరుపుగా ఉంటుంది, పెనానికి పూర్తిగా ఆనుతుంది, పైపొర దీనికి వచ్చినంత చక్కగా దేనికీ రాదు. ఒక పక్కన ఉండే కొవ్వు పట్టీని మరచిపోకండి. ముక్కను పటకారుతో నిలబెట్టి ఆ పట్టీని ముందు పెనానికి ఆనించి రెండు నిమిషాలు ఉంచితే కొవ్వు కరిగి, వేయించడానికి అదే నూనెగా పనికొస్తుంది. టెండర్‌లాయిన్ (వెన్నెముక లోపలి వైపు కండ) అన్నిటికన్నా మెత్తన, అన్నిటికన్నా చప్పన. వెన్న పోసి వండకపోతే దాని మీద పెట్టిన డబ్బుకు న్యాయం జరగదు. పొట్ట వైపు నుంచి తీసే ఫ్లాంక్, స్కర్ట్ రకాలు పలుచన, పోగులు పొడుగ్గా ఉంటాయి. పెద్ద మంట మీద చకచకా వేయించి, పోగులకు అడ్డంగా కోయాలి. పోగుల వెంబడి కోస్తే ఎంత బాగా వండినా దవడలు నొప్పి పుడతాయి.

ఎముకతో ఉన్న ముక్కలు, ముఖ్యంగా T ఆకారపు ఎముక ఉండే టీబోన్, చూడటానికి ఘనంగా ఉంటాయి. పెనంలో మాత్రం ఇబ్బంది. వేగేకొద్దీ మాంసం ముడుచుకుంటుంది, ఎముక ముడుచుకోదు. అది బల్ల కాలులా ముక్కను పైకెత్తి పట్టుకుంటుంది, ఎముక పక్కన మాంసం పెనానికి తగలనే తగలదు. టీబోన్‌ను నిప్పుల మీద కాల్చేవారికి వదిలేసి, పెనానికి ఎముక లేనిదే ఎంచుకోండి. ఒకరికొకటి చొప్పున రెండు పలుచని ముక్కలు కొనే బదులు, ఒక మందమైన ముక్క కొని వండాక ఇద్దరూ పంచుకోవడం మంచిది.

ఉప్పు, నూనె, వేడి కొలత

ఉప్పుకు రెండే సమయాలు: కనీసం నలభై నిమిషాల ముందు, లేదా పెనంలో వేసే క్షణాన. ఉప్పు పడగానే మాంసంలోంచి నీరు పైకి ఊరుతుంది. ఆ నీటిలో ఉప్పు కరిగి తిరిగి లోపలికి ఇంకడానికి సమయం పడుతుంది. మధ్యలో, అంటే పది ఇరవై నిమిషాలకు వండితే, తడి తేలిన ముక్కను వేయించినట్టే. వీలైతే ముందు రోజు రాత్రే ఉప్పు రాసి, మూత లేకుండా జాలీ మీద ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి పైభాగం పొడిగా తోలులా ఉంటుంది. నేను ప్రయత్నించిన మార్పులన్నిటిలో, ముక్క మందం తర్వాత, ఎక్కువ తేడా తెచ్చింది ఇదే.

నూనె శుద్ధి చేసినదై ఉండాలి. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్, వేరుశనగ, అవకాడో నూనెలు 225 డిగ్రీల దాకా పెద్దగా పొగలు కక్కవు. నెయ్యి కూడా అంతే, పాల పదార్థాలు ముందే తీసేశారు గనుక వెన్న వాసనతో పాటు ఓర్పూ ఉంటుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె అంత వేడికి తట్టుకోదు. వెన్నలో నూనె కలిపితే వెన్న మాడదని చెబుతుంటారు, ఆ మాట నమ్మకండి. నూనెలో ఉన్నా పాల పదార్థాలు అదే వేడికి మాడతాయి.

ఎంత ఉడికిందో వేలితో నొక్కి చెప్పగలమనేవారు ఉంటారు. రోజుకు వంద స్టేకులు వండేవారికి అది సాధ్యమే. నెలకొకటి వండే మనకు థర్మామీటరే దిక్కు. నడుమ 50 డిగ్రీల దగ్గర రేర్, 54 నుంచి 57 మీడియం రేర్, 60 నుంచి 63 మీడియం, 70 దాటితే వెల్ డన్. దించాక కూడా మూడు నుంచి ఐదు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి ఆ మేరకు ముందే దించాలి. రివర్స్ సియర్‌లో ఈ పెరుగుదల తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ సిఫారసు 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం. గర్భిణులకూ పెద్దవయసువారికీ రోగనిరోధక శక్తి తగ్గినవారికీ వండేటప్పుడు నేను దాన్ని దాటను. సూదులతో గుచ్చి మెత్తబరచిన మాంసానికీ అదే నియమం, ఎందుకంటే మామూలుగా పైన మాత్రమే ఉండే సూక్ష్మజీవులు అందులో లోపలికి చేరి ఉండవచ్చు. పళ్లెంలో కారే ఎర్రని ద్రవం చూసి జంకనక్కర్లేదు. అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు.

పెద్ద మంట మీద వేయిస్తే రసాలు లోపలే బిగుసుకుపోతాయన్నది పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఊహ. పొర ఏర్పడ్డాక కూడా పెనంలో చిటపటలు ఆగకపోవడమే దానికి జవాబు, ఆ చప్పుడు రసం కారుతూ ఆవిరవడం వల్లే వస్తుంది. మనం ఎర్రగా వేయించేది రుచి కోసం. పెనం నుంచి దించాక రెండున్నర సెంటీమీటర్ల ముక్కకు ఐదు నిమిషాల విరామం ఇవ్వండి. పలుచనిదానికి అవసరం లేదు, రివర్స్ సియర్ ముక్కకు దాదాపు అవసరం లేదు.

పెనం కడగడానికి సబ్బు వాడకూడదన్నది సబ్బులో గాఢమైన క్షారం ఉండే రోజుల మాట. ఇప్పటి గిన్నెల సబ్బు కొద్దిగా వాడితే సీజనింగ్‌కు ఏమీ కాదు. నీళ్లలో నానబెట్టవద్దు, కడిగిన వెంటనే పొయ్యి మీద తడి ఆర్చి, పలుచగా నూనె తుడిచి పెట్టండి. ఓవెన్‌లోకి పంపిన పెనాన్ని బయటికి తీశాక దాని పిడి మీద మందపాటి గుడ్డ కప్పి ఉంచండి. పెనం మామూలుగానే కనిపిస్తుంది, పదిహేను నిమిషాల తర్వాత కూడా పిడి కాలుతూనే ఉంటుంది. నా కుడి అరచేతిలో ఆ పాఠం తాలూకు మచ్చ ఇంకా పోలేదు.